చూపు తప్పిన చక్రాలు

"నేనే చంపాను. రాసుకోండి, సంతకం పెడతాను," అన్నాడు గిల్ మాన్‌సు.

ఇన్‌స్పెక్టర్ యోన్‌సిల్ కలం మూత తియ్యలేదు. నేరం దాచేవాళ్ళని చూసింది, పక్కవాడి మీదికి నెట్టేవాళ్ళని చూసింది. నాదే నాదే అని నేరం కోసం కొట్లాడేవాడు అరుదుగా తగులుతాడు. అలాంటివాణ్ణి ఇంకాస్త ఎక్కువ అనుమానించాలని ఆమె ఉద్యోగం ఆమెకి నేర్పింది. కానీ గిల్ ముఖంలో కపటం కనిపించలేదు. నిద్రలేని కళ్ళు, ఎంత తోమినా వదలని గ్రీజు గోళ్ళు, ముట్టుకోకుండా చల్లారిపోయిన పేపరు కప్పు కాఫీ. అంతే.

కేసు చిన్నది. సోమవారం పొద్దున మోరిజే కనుమ దిగుతున్న ఒక చిన్న ట్రక్కు మలుపులో రోడ్డు తప్పి, కింద వాలులో ఉన్న క్యాబేజీ చేలో తలకిందులుగా పడింది. నడుపుతున్న బాంగ్ చోంగ్‌మాన్ అనే ముసలి రైతు చనిపోయాడు. అంతకు మూడు వారాల ముందు ఆ ట్రక్కు స్టీరింగ్‌లో ఒక భాగం మార్చినవాడు ఈ గిల్. మార్చాక వీల్ అలైన్‌మెంట్ చెయ్యలేదు. పడ్డ ట్రక్కు ముందు చక్రాలు కొలిస్తే రెండూ పెడచూపు చూస్తున్నాయి. అందుకే ట్రక్కు అదుపు తప్పిందని ట్రాఫిక్ విభాగం అధిపతి ప్యో గ్యుసోక్ తేల్చేశాడు. గిల్ నేరం ఒప్పుకున్నాడు గనక, లాంఛనానికి క్రైమ్ వాళ్ళు ఒకసారి మాట్లాడితే, మధ్యాహ్నం ఫైలు ప్రాసిక్యూటరు దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ లాంఛనమే యోన్‌సిల్.

"చంపడం సంగతి తర్వాత. రిపేరు సంగతి చెప్పు. మొదట్నుంచి."

గిల్ గొంతు సవరించుకున్నాడు. "తిప్పుతుంటే స్టీరింగ్ గడగడమంటోందని తెచ్చాడండీ బాంగ్ బాబాయ్. చూస్తే టై రాడ్ ఎండ్ పోయింది. స్టీరింగ్ మాట చక్రానికి మోసుకెళ్ళే రాడ్డుంటుంది కదా, దాని చివరి కీలు. కొత్తది వేశాను."

"వేశాక?"

"వేశాక అలైన్‌మెంట్ చెయ్యాల్సిందే. రాడ్డు పొడవు వెంట్రుకవాసి మారినా చక్రం మొహం తిరుగుతుంది. నా షెడ్డులో ఆ మిషను లేదు. పాత కీలు ఎన్ని చుట్లు బిగించి ఉందో లెక్కపెట్టి, కొత్తదీ అన్నే చుట్లు బిగించాను. దారం లాగి కూడా సరిచూశాను. 'ఇది కంటికొలతే బాబాయ్, రేపే టౌనుకెళ్ళి మిషను మీద చేయించుకో' అన్నాను. 'క్యాబేజీ కోతలు కానీరా, వెళ్తాలే' అన్నాడు."

"వెళ్ళలేదు."

"వెళ్ళలేదు. నేను తాళం చేతికివ్వకుండా ఉండాల్సింది." గిల్ బల్ల మీది కప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు. "మొహమాటపడ్డాను. కోతల టైములో రైతు బండి ఎలా పట్టుకుంటాను? ఇచ్చేశాను."

"తర్వాత మళ్ళీ కనిపించాడా?"

"వారం తర్వాత రెండు క్యాబేజీలు పట్టుకొచ్చాడు. నేరుగా వెళ్తున్నప్పుడు స్టీరింగ్ కాస్త కుడికి వాలి ఉంటోందన్నాడు. నడపడానికి ఇబ్బంది లేదురా అన్నాడు. వెళ్ళు బాబాయ్ అని మళ్ళీ మొత్తుకున్నాను."

"కాస్త అంటే?"

గిల్ అరచెయ్యి నిలబెట్టి, ఉందా లేదా అన్నంత పక్కకి వాల్చాడు.

"అంత తేడాకి ట్రక్కు రోడ్డు వదిలి లోయలోకి పోతుందా, గిల్?"

వృత్తి తెలిసినవాడు కాబట్టి అబద్ధం చెప్పలేకపోయాడు. "పోకూడదండీ. టైర్లు తినేస్తుంది. బండి ఒక పక్కకి లాగుతుంది. అంతే. పోకూడదు." కళ్ళు తుడుచుకున్నాడు. "కానీ పోయింది కదండీ."

యోన్‌సిల్ లేచింది. కలం మూత తియ్యకుండానే జేబులో పెట్టుకుంది.

నడవాలో ప్యో కాపు కాసినట్టు నిలబడి ఉన్నాడు. ట్రాఫిక్‌లో ఆమె కింద పనిచేసినవాడే. ఆమె క్రైమ్‌కి మారాక ఆ కుర్చీలో కూర్చున్నాడు. మంచిగా ఉన్నప్పుడు అక్కా అంటాడు. చిరాకేస్తే హోదా పెట్టి పిలుస్తాడు.

"అయిపోయిందా అక్కా?"

"బండి చూడాలి."

"ఏ బండి?"

"బాంగ్ పెద్దాయన బండి. ఈ కేసులో ఇంకో బండి ఉందా?"

ప్యో నవ్వు మాయమైంది. "చూడండి ఇన్‌స్పెక్టర్ గారూ. నేరం ఒప్పుకున్న మనిషున్నాడు. తనిఖీ కేంద్రం వాళ్ళ కొలతలున్నాయి. చక్రాలు ఎంత వంకరగా ఉన్నాయో ఫొటోలున్నాయి. ఇంకా బండి దేనికి? ట్రాఫిక్ వదిలేసినా ట్రాఫిక్ వాసన వదల్లేదా మీకు?"

"ఆ వాసనతోనే అడుగుతున్నా. స్టీరింగ్ కాస్త వాలుగా ఉందని చచ్చిపోయినాయనే చెప్పాడట. కాస్త వాలుకి, నీ ఫొటోల్లో ఉన్న వంకరకి పొంతన కుదరడం లేదు."

"నిందితుడు అన్నాడు, చనిపోయినాయన చెప్పాడని! భేషుగ్గా ఉంది సాక్ష్యం."

"అందుకే బండిని అడుగుదామంటున్నా. అది ఎవరి పక్షమూ కాదుగా."

"సాయంత్రం తుక్కుకి పంపెయ్యమన్నాను. అంత్యక్రియలు పొద్దున్నే అయిపోయాయి. ఆ ట్రక్కు మళ్ళీ కంటపడకూడదని ఆయన భార్య ఒక్‌బున్ పెద్దమ్మే అడిగింది."

"అయితే ఇప్పుడే వెళ్ళాలి," అంటూ యోన్‌సిల్ నడిచింది.

ప్యో ఒక్క నిమిషం ఆగి, టోపీ సర్దుకుని వెనకే బయల్దేరాడు. "నేనూ వస్తాను. నా కేసులో నాకు తెలియకుండా రంధ్రాలు పొడిస్తే ఊరుకోను."

ట్రక్కు ఊరి చివర కుక్ టేజిన్ యార్డులో ఉంది. టేజిన్‌ది టోయింగ్ లారీ, పాడైన బండ్లని లాక్కెళ్ళేది. ప్రమాదం ఎక్కడైనా సరే, అంబులెన్సు కంటే ముందు ఇలాంటి లారీలే వాలిపోతాయి. ముందు చేరినవాడిదే బేరం. బాంగ్ ట్రక్కుని మొదట చూసిందీ, ఫోను చేసి చెప్పిందీ, తాడు కట్టి పైకి లాగిందీ టేజినే. ముప్పై దాటని మనిషి. పోలీసు కారు చూడగానే గేటు దాకా ఎదురొచ్చి, చేతిలో డబ్బా కాఫీలు పెట్టబోయాడు.

"వద్దులే నాన్నా. ఆ రోజు నువ్వు ఎటు వెళ్తున్నావు?" అంది యోన్‌సిల్.

"కనుమ పైన వ్యాను గోడకి గుద్దుకుందని కాల్ వచ్చిందండీ. వెళ్తుంటే మలుపులో రెయిలింగు విరిగి కనిపించింది. ఆపి చూస్తే కింద పెద్దాయన ట్రక్కు. దిగి వెళ్ళేసరికే ప్రాణం పోయింది. పాపం, చాలా మంచివాడండీ."

యోన్‌సిల్ తలూపి ట్రక్కు దగ్గరికి నడిచింది. పైకప్పు అణిగిపోయి ఉంది. ప్రమాదానికి ముందు రాత్రి వానకి నానిన చేలో పల్టీలు కొట్టింది కాబట్టి అడుగుభాగమంతా ఎర్రమట్టి మెత్తి, ఎండి, పెచ్చుకట్టింది. ముందు చక్రాలు మాత్రం చూడగానే తేడాగా ఉన్నాయి. బాతు పాదాల్లా రెండూ చెరో వైపుకి, బయటికి చూస్తున్నాయి.

"చూశారా?" అన్నాడు ప్యో. "ఇంకేం కావాలి?"

ఆమె జవాబు చెప్పకుండా టైరు ముందు కూర్చుని మట్టి దులిపింది. అరచేతిని టైరు మీద అడ్డంగా, బయటి అంచు నుంచి లోపలి అంచుకి జరిపింది. తర్వాత లోపలి నుంచి బయటికి. రెండో టైరు దగ్గరా అంతే చేసింది.

"ప్యో, చెయ్యి ఇలా ఇవ్వు."

"నేనా?"

"నువ్వే. కేసు నీదన్నావుగా."

ప్యో గొణుక్కుంటూ వంగాడు. బయటి నుంచి లోపలికి నిమిరాడు. నున్నగా ఉంది. లోపలి నుంచి బయటికి నిమిరాడు. ఈసారి గాడుల అంచులు వేలికి తగిలాయి, చిన్న రంపపు పళ్ళలా. ఎక్కువేం కాదు, తెలిసీ తెలియనట్టు. ఇంకోసారి నిమిరాడు.

"చక్రం లోపలికి తిరిగి ఉంటే టైరు ఇలా అరుగుతుంది," అన్నాడు నెమ్మదిగా. ఆ మాట అంటుండగానే అతని భృకుటి ముడిపడింది.

"ఎంత లోపలికి?"

"కొంచెమే. మూడు వారాలకి ఇంతే అరిగిందంటే... కొంచెమే."

"ఇప్పుడు ఎటు చూస్తున్నాయి?"

ప్యో లేచి నిలబడి బాతు పాదాల్ని మళ్ళీ చూశాడు. "బయటికి."

"ఇంత వంకరతో షెడ్డులోంచి వస్తే ఆ వీధి చివరికి వెళ్ళేలోపే టైర్లు కీచుమని ఊరంతా చెప్పేవి. మూడు వారాలు నడిపితే టైర్లలో తీగలు తేలేవి. టైరు ఒకటి చెబుతోంది, రాడ్డు ఇంకొకటి చెబుతోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. టైరుకి అబద్ధం ఎలా వస్తుంది?"

"పడ్డప్పుడు దెబ్బకి వంగి ఉండొచ్చు కదా అక్కా."

తనకి తెలియకుండానే అక్కా అన్నాడు. యోన్‌సిల్ టార్చి తీసి నేల మీద వెల్లకిలా పడుకుని ట్రక్కు కిందికి జరిగింది. కాసేపు వెలుగు అటూ ఇటూ కదిలింది. "వంగలేదు. రాడ్డు తిన్నగా ఉంది. నువ్వూ రా, చొక్కా ఉతుక్కోవచ్చులే."

ప్యో పక్కన చేరాడు. రాడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎర్రమట్టి పూసుకుని ఉంది. కీలు దగ్గర బిగించే లాక్ నట్ చుట్టూ మాత్రం మట్టి పగిలి రాలింది. నట్ మూలల మీద పానా పట్టిన కొత్త గీతలు మెరుస్తున్నాయి. నట్ పక్కన అరంగుళం మేర రాడ్డు మర ఒక్క మట్టి రవ్వ కూడా అంటకుండా శుభ్రంగా ఉంది.

"ఆ మర చూడు. మట్టిలో పడ్డప్పుడు అది బయట ఉండి ఉంటే?"

"మట్టి అంటేది."

"అంటలేదంటే?"

"అప్పుడు లోపల ఉంది." ప్యో గొంతు మారిపోయింది. "పడ్డ తర్వాత ఎవరో నట్ వదులు చేసి రాడ్డు తిప్పారు."

"తనిఖీ కేంద్రం వాళ్ళా?"

ప్యో బయటికొచ్చి అక్కడే నిలబడి ఫోను చేశాడు. రెండు ముక్కల్లో జవాబు వచ్చింది. వాళ్ళు కొలిచారే తప్ప పానా ముట్టలేదు. ఫోను జేబులో పెట్టుకుంటూ అతను యార్డు గేటు వైపు చూశాడు. గొలుసు, తాళం, ఒకే ఒక్క తాళంచెవి. అది ఎవరి నడుముకి వేలాడుతోందో ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

యోన్‌సిల్ తొందరపడలేదు. విరిగిన అద్దంలోంచి చెయ్యి పెట్టి, ముందు అద్దానికి అతికించి ఉన్న చిన్న కెమెరా పీకి తెచ్చింది. మెమరీ కార్డు పెట్టే చోట మూత గట్టిగా మూసి ఉంది. గోటితో తీసింది. లోపల కార్డు లేదు.

"పడ్డప్పుడు ఎగిరిపోయిందనుకున్నాం," అన్నాడు ప్యో, తనకి తనే చెప్పుకున్నట్టు.

"ఎగిరిపోతూ మూత వేసి వెళ్ళిందా?"

ప్యో ముఖం ఎర్రబడింది. మాటకి మాట అనకుండా తల దించుకున్నాడు. ఆమె కూడా ఇంకో మాట అనలేదు. ఆ క్షణంలో అంటే గెలుపు దక్కేది గానీ, మనిషి దక్కేవాడు కాదు.

"ఒకటి చెప్పు," అంది మెల్లగా. "అలైన్‌మెంట్ చెయ్యలేదన్న మాట నీ చెవిన మొదట వేసిందెవరు?"

"టేజిన్. ఆ రోజు సాయంత్రం. 'చక్రాలు చూడండి సార్, ఎలా ఉన్నాయో' అన్నాడు."

టేజిన్ డబ్బా కాఫీలు ఇంకా చేతిలోనే పట్టుకుని, లారీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"నీకెలా తెలిసింది నాన్నా?" అంది యోన్‌సిల్.

"పెద్దమ్మ ఏడుస్తూ అందండీ, రోడ్డు మీద. గిల్ అన్న స్టీరింగు భాగం మార్చాడనీ, టౌనుకెళ్ళి అలైన్‌మెంట్ చేయించుకోమన్నా ఈయన వెళ్ళలేదనీ. విన్నాను. అంతే."

"విని, యార్డుకి తెచ్చాక పానా పట్టుకున్నావు."

"ఎవరు? నేనా? అయ్యో, నాకేం అవసరమండీ! నేను లాగేవాణ్ణి, రిపేరువాణ్ణి కాను."

"అదే కనిపిస్తోంది. రిపేరు తెలిసినవాడైతే ఎటు తిప్పాలో టైరు చూసి తెలుసుకునేవాడు. ఇంత అతి చేసేవాడూ కాదు."

టేజిన్ సాయం అడుగుతున్నట్టు ప్యో వైపు చూశాడు. ప్యో మాత్రం ఇంకేదో లెక్క వేసుకుంటున్నాడు.

"ఆ వ్యాను బేరం నీకు రాలేదు కదూ?" అన్నాడు ప్యో. "ఆ రోజు పైకి మూడు టోయింగ్ లారీలు పరిగెత్తాయి. అందరికంటే ముందు బయల్దేరినవాడివి నువ్వు. వెనక వచ్చిన ఇద్దరూ మలుపులో నీ లారీ ఆగి ఉండటం చూసుకుంటూ పోయారు. కిందికి వంగి చూస్తున్నావనీ, చెయ్యి ఊపి వెళ్ళిపొమ్మన్నావనీ ఒకడు నాతోనే అన్నాడు. వాడి మాట నేను పట్టించుకోలేదు. వాళ్ళు పైకెళ్ళి వ్యానుకి తాడు కూడా కట్టాక గానీ నువ్వు మాకు ఫోను చెయ్యలేదు. ఎందుకు టేజిన్?"

"గిల్ నిద్రపోవడం లేదు," అంది యోన్‌సిల్. ఆమె గొంతులో గద్దింపు లేదు. "నేనే చంపాను, సంతకం పెడతానని నా కాగితాల కోసం చెయ్యి చాస్తున్నాడు. నీ లారీ కూడా అతని షెడ్డులోనే బాగు చేయించుకుంటావట. అతను జైలుకి వెళ్ళాక ఎక్కడ చేయిస్తావు?"

కాఫీ డబ్బా ఒకటి కింద పడి దొర్లింది. టేజిన్ దాన్ని తీసుకోవడానికి వంగాడు, వంగినవాడు లేవలేకపోయాడు. లారీ చక్రం పక్కనే కూలబడ్డాడు.

"తగల్లేదండీ. ఒట్టు, నా లారీ ఆయన బండికి తగల్లేదు. వెనకవాళ్ళు దాటేస్తారని మలుపులో నడిరోడ్డు గీత దాటి తిప్పాను. ఎదురుగా ఆయన. నేను గుద్దేశాననుకున్నాను, ఇద్దరం పోయామనుకున్నాను. ఆయనే అంచు వైపు తిప్పేశాడు."

"దిగి వెళ్ళావు."

"వెళ్ళాను."

"వెళ్ళేసరికే పోయాడన్నావు. కాసేపు బతికే ఉన్నాడని డాక్టరు అన్నాడు," అన్నాడు ప్యో.

టేజిన్ మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాడు. మాటలు అక్కణ్ణుంచే వచ్చాయి. "తలకిందులుగా బెల్టుకి వేలాడుతున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు."

"ఏమన్నాడు?"

"'నీకేం తగల్లేదు కదరా నాన్నా?' అన్నాడు."

యోన్‌సిల్ అడిగింది, "నువ్వేం చేశావు?"

"కెమెరా కనిపించింది. కార్డు తీసేశాను. పైకెక్కాను. రోడ్డు మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఫోను చేసి మళ్ళీ దిగేసరికి... ఇంక మాట్లాడలేదండీ ఆయన."

ప్యో సంకెళ్ళు తీశాడు. వెయ్యడానికి వంగి, ఏమనుకున్నాడో ముందు భుజం పట్టుకుని అతన్ని లేపి నిలబెట్టాడు. కారు ఎక్కేముందు యోన్‌సిల్ వైపు తిరిగి, "ఫైలు వెనక్కి తెప్పిస్తాను అక్కా. తప్పు తీర్మానం చేశానని నేనే రాస్తాను," అన్నాడు. ఆమె అతని చొక్కాకి అంటిన మట్టి దులిపింది.

గిల్ గదిలో అదే కుర్చీలో, అదే భంగిమలో ఉన్నాడు. యోన్‌సిల్ ఎదురుగా కూర్చుని జరిగినదంతా చెప్పింది. టైర్లు, మట్టి అంటని మర, టేజిన్, మలుపు. బాంగ్ పెద్దాయన ఆఖరి మాట కూడా దాచలేదు.

"నువ్వు చంపలేదు గిల్. ఇంటికి వెళ్ళు."

అతను లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. చెయ్యి గొళ్ళెం మీద పెట్టి ఆగిపోయాడు.

"ఒక్క మాటండీ. ఆయన టేజిన్‌ని తప్పించడానికి ఒక్కసారిగా అంచుకి తిప్పాడన్నారు. తిప్పినవాడు మళ్ళీ రోడ్డు మీదికి తిప్పుకోవడానికి చూసే ఉంటాడు కదా. ఎవరైనా చూస్తారు." అతను మాటలు వెతుక్కున్నాడు. "నా చక్రాలు కాస్త లోపలికి ఉన్నాయన్నారు. కొంచెమే అన్నారు. ఆ కొంచెం కూడా లేకుండా, చక్రాలు సరిగ్గా నిలబడి ఉంటే... బండి తిరిగి రోడ్డెక్కేదాండీ?"

యోన్‌సిల్ దగ్గర తనిఖీ కేంద్రం కొలతలున్నాయి, టైర్ల సాక్ష్యం ఉంది, నేరం ఒప్పుకున్న టేజిన్ పక్క గదిలో ఉన్నాడు. వాటిలో దేనికీ ఆ ప్రశ్నకి జవాబు తెలియదు. ఎక్కేది కాదులే అని ఒక్క మాట అంటే గిల్ ఈ రాత్రి నిద్రపోతాడు. ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది.

"తెలీదు గిల్," అంది.

అతను తలూపాడు. అన్ని రోజుల్లో మొదటిసారి ఎవరో తనతో నిజం మాట్లాడినట్టు, ఆమెకి నడుం వంచి నమస్కరించి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.